మిసర్ కవరు, లాలాపేట్ గృహప్రవేశం

తార్నాకలో మా అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒకసారి నన్ను లిఫ్టు దగ్గర ఆపి, "మేడమ్, మీరు చేసే జాబ్ ఏంది?" అని అడిగాడు.

"పాత కవర్ల మీద ముద్రలు చూస్తానండీ."

"చూసి?"

"ఎక్కడ వేశారో, ఎప్పుడు వేశారో చెబుతాను."

"చెప్పినంక?"

"ఇంకో కవరు తీస్తాను."

ఆయన లిఫ్టు వచ్చి వెళ్లిపోయేదాకా ఆలోచించాడు. మరునాడు తన ఆధార్ కార్డు పోస్టులో ఎక్కడో పోయిందని ఫిర్యాదు రాసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. రిటైరయ్యేదాకా ఆయన లెక్కలో నేను పోస్టాఫీసు మనిషినే.

నిజానికి నేను పనిచేసింది క్యాంపస్‌లో, చరిత్ర శాఖ వాళ్ల చిన్న గదిలో. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన మన సైనికులు ఇళ్లకు పంపిన కవర్లు, కార్డులు అక్కడ పెట్టెల నిండా ఉంటాయి. ఎవరి ఇంట్లోనైనా అటువంటిది దొరికితే తెచ్చి చూపిస్తారు. మేం చూసి, తేలింది రాసిస్తాం. ఇంత సరదా పనికి జీతం కూడా ఇస్తారని తెలిసిన రోజు మెట్లు దిగుతూ నాలో నేనే నవ్వుకున్నాను. అది చూసిన అటెండరు యాదగిరి, మేడమ్‌కు ప్రమోషన్ వచ్చినట్టున్నదని క్యాంటీన్ దాకా చాటాడు. రాలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా రాలేదు. నవ్వు మాత్రం తగ్గలేదు.

ఈ మధ్య ఆ గదిలో కొత్తగా ఇద్దరు చేరారు. ఏమేం చదవాలో రాసివ్వమన్నారు. పుస్తకాల పేర్లు అల్మారా తలుపుకే అంటించి ఉన్నాయి. అక్కడ లేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఊరు ఎవరు చెప్పారు?

క్యాంపస్‌కు రాకముందు చాలా ఏళ్లు దినపత్రికలో సబ్‌ఎడిటర్‌ని. వార్త మొదట్లో ఊరి పేరు వేస్తాం కదా. 'నల్లగొండ' అని ఉంటే విలేకరి నల్లగొండలో కూర్చుని రాశాడని పాఠకుడు నమ్ముతాడు. ఆయన ఆ పూట కాచిగూడలో బావమరిది పెళ్లి భోజనం చేస్తూ ఫోనులో చెప్పాడని డెస్కులో ఉన్న మాకే తెలుసు. అందుకే మా న్యూస్ ఎడిటర్ ప్రతి వార్తకూ ఒకే ప్రశ్న వేసేవాడు: "ఊరు ఎవరు చెప్పారు? వాడు చెప్పాడా, నువ్వు వేశావా?"

ఈ ప్రశ్న పట్టుకునే క్యాంపస్‌లో ఉద్యోగం మొత్తం నెట్టుకొచ్చాను.

యుద్ధంలో ఉన్న సైనికుడు తాను ఎక్కడున్నాడో ఇంటికి రాయకూడదు. రాస్తే సెన్సారు చేసే అధికారి ఆ మాటను సిరాతో కొట్టేస్తాడు, లేదంటే బ్లేడుతో కోసి తీసేస్తాడు. చూశానన్న గుర్తుగా ముద్ర వేసి పొట్టి సంతకం చేస్తాడు. టపా ముద్ర మీద కూడా ఊరు ఉండదు. ఫీల్డ్ పోస్టాఫీసు అన్న అక్షరాలు, ఒక నంబరు, తేదీ, అంతే. ఆ పోస్టాఫీసు ఎక్కువగా ఒక గుడారం. దళం కదిలితే గుడారమూ కదులుతుంది, నంబరు మాత్రం అదే. మన భాషలో చెప్పాలంటే అది ల్యాండ్‌లైన్ కాదు, సెల్‌ఫోను. నంబరు చూసి ఊరు చెప్పేవాణ్ని నమ్మకండి. నంబరుతో పాటు తేదీ చూసి చెప్పేవాణ్ని సగం నమ్మండి.

దోసె మాత్రం నిజం

నా పై అధికారి ప్రొఫెసర్ రాఘవరెడ్డి గారిది అనంతపురం వైపు. కుర్చీలో కూర్చుని ఆయన ఏదీ చదవలేరు. మంచి ముద్ర కనబడితే భూతద్దం పట్టుకుని గదిలో చుట్లు కొట్టేవారు. ఇంకా మంచిదైతే నన్ను, యాదగిరిని హబ్సిగూడలో టిఫిన్ సెంటరుకు లాక్కెళ్లేవారు. ఏ కవరు ఎంత గొప్పదో మేం దోసెల్లో కొలిచేవాళ్లం.

ఒకసారి కాచిగూడ నుంచి ఒకాయన పెద్ద త్రికోణం సెన్సారు ముద్ర ఉన్న కవరు తెచ్చాడు. గీతలు చెక్కినట్టున్నాయి. ప్రొఫెసర్ గారు గది మూడుసార్లు చుట్టారు. కవరు తెచ్చినాయనతో సహా అందరం హబ్సిగూడ వెళ్లి నెయ్యి దోసెలు తిన్నాం. తిరిగొచ్చి కిటికీ వెలుతురులో మళ్లీ చూశారు. చూసి, మొదటిసారి కుర్చీలో కూర్చున్నారు.

"శారదమ్మా, ఇట్ల రా. ఈ చిరుగు చూడు."

చిరిగిన అంచులో కాగితం పోగులు పైకి లేచి ఉన్నాయి. ముద్ర సిరా ఆ పోగుల్లోకి పాకింది. అంటే కవరు ముందు చిరిగింది, ముద్ర తర్వాత పడింది. ఆనాటి సెన్సారు అధికారి ఈనాటి చిరుగు మీద ముద్ర వేయలేడు.

"చినిగినాక ఏసినారు," అన్నారు ఆయన. భూతద్దం పక్కన పెట్టి, "పోనీలే, దోసె మాత్రం నిజం," అన్నారు.

అందంగా ఉన్న ముద్రను ఎక్కువ అనుమానించాలని ఆ రోజు తెలిసింది. ఎగిరి గంతేయడంలో తప్పులేదు. గంతేశాక మళ్లీ ఒకసారి చూడాలి.

ఒకే స్కూటరు మీద ఇద్దరు

ఇక నేను రిటైరవడానికి కాస్త ముందు వచ్చిన కేసు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఒక వేసవి ఉదయం ఇద్దరు పెద్దమనుషులు లాలాపేట్ నుంచి ఒకే స్కూటరు మీద వచ్చారు. ముందు కూర్చుని నడిపినాయన సత్తయ్య, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. వెనక కూర్చున్నాయన కొమురయ్య, సత్తయ్య అక్క మొగుడు. మెట్లెక్కుతున్నప్పటి నుంచే వాళ్ల మాటలు వినబడుతున్నాయి.

సత్తయ్య ప్లాస్టిక్ కవరులోంచి కాగితం కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఉత్తరం లేదు, ఎప్పుడో పోయింది.

"మేడమ్, గిది మా నాయిన మల్లయ్య పంపిన కవర్. లడాయిల డ్రైవర్‌గ మిసర్ పోయిండు. మా ఊర్ల ఇప్పటికీ మమ్ముల మిసర్ మల్లయ్య ఇంటోళ్లనే అంటరు. గా మాట జర కాయితం మీద రాసియ్యుండ్రి."

"రాసియ్యుండ్రి మేడమ్," అన్నాడు కొమురయ్య. "సికింద్రబాద్ దాటలేదని కింద ఇంకో లైన్ గూడ రాయుండ్రి."

"ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారా?" అన్నాను.

"పెట్రోల్ ఊకెనే వస్తదా మేడమ్?" అన్నాడు కొమురయ్య. "లడాయి లడాయే, సవారీ సవారే."

సంగతి ఇది. సత్తయ్య లాలాపేట్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గేటు పక్కన పెట్టడానికి నల్ల గ్రానైట్ పలక మీద 'మిసర్ నిలయం' అని చెక్కించి ఉంచాడు. మిసర్ అంటే ఈజిప్టు. మామ ఏనాడూ సముద్రం దాటలేదని కొమురయ్య పెళ్లయిన కొత్తల నుంచీ అంటున్నాడు. ఆ పలక పెడితే తాను గడప తొక్కనని తేల్చేశాడు.

"నేను రాకుంటే మా ఇంటిది ఎట్లొస్తది?" అన్నాడు నాతో.

గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. సత్తయ్యకు ఉన్నది ఒక్కతే అక్క, లచ్చమ్మ. ఆమె రాకపోతే ఆ పొయ్యి దగ్గర నిలబడే హక్కు ఇంకెవరికీ లేదు. పలక తీస్తే సత్తయ్యకు నాన్న పోతాడు, పెడితే అక్క పోతుంది.

"నంబర్ గూడ కలిసింది మేడమ్," అని సత్తయ్య ఫోను చూపించాడు. వాట్సాప్‌లో ఎవరో స్టాంపుల పిచ్చాయన పంపిన జాబితాలో ఆ ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు పక్కన ఈజిప్టు అని ఉంది. కొమురయ్య కూడా తన ఫోను తీశాడు. ఆయనకు ఎవరో పంపిన జాబితాలో అదే నంబరు పక్కన అహ్మద్‌నగర్ అని ఉంది. ఒకే సెల్‌ఫోను నంబరు రెండు ఊళ్లలో మోగిందన్నమాట. నాకు ఆనందంతో చెవులు వేడెక్కాయి.

సాయంత్రం లచ్చమ్మ నాకు ఫోన్ చేసింది. తమ్ముడి దగ్గర నంబరు తీసుకుందట.

"బిడ్డా, మిసరో గిసరో నాకెర్కలేదు. మా తమ్మునింట్ల పాలు నేను పొంగియ్యాలె. గట్ల అయ్యేతట్టు రాయి."

"అట్లా కుదరదమ్మా. కవరు ఏం చెబితే అదే రాస్తాం."

"అయితే గా కవర్‌కే చెప్పు."

ఈ మాటను ప్రొఫెసర్ గారికి చెబితే పడీ పడీ నవ్వారు. నవ్వాక, "మనం రాసేది కవరు గురించమ్మా, కాపురం గురించి కాదు," అన్నారు. ఇటువంటి చోట జాగ్రత్త. ఎవరికో మేలు చేద్దామని ఒక మాట కలపబుద్ధవుతుంది. ఈ కేసులో ఏ అబద్ధం కలిపినా ఎవరో ఒకరు ఏడవాల్సిందే కాబట్టి నాకు ఆ బాధ తప్పింది.

యుద్ధం లేని ఏడాది

చిక్కు ఎక్కడంటే, ముందువైపు టపా ముద్రలో డిసెంబరు నెల బాగా పడింది, సంవత్సరం అలికిపోయింది. కవరు తిప్పితే వెనక నిజాం టపా వాళ్ల ముద్ర ఉంది, ఉత్తరం ఊరు చేరినప్పుడు వేసింది. అంకెలు ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ అంకెలు నాకు పాత ఆఫీసు పక్కనే ఉన్న ఉర్దూ పత్రికలో వార్తలు చేత్తో అందంగా రాసే కాతిబ్ గారు చాయ్ తాగుతూ నేర్పారు. పదమూడు వందల యాభై ఒకటి.

ప్రొఫెసర్ గారు చటుక్కున హిజ్రీ లెక్క వేశారు. పంతొమ్మిది వందల ముప్ఫై రెండు వచ్చింది.

"ఏమ్మా, ఆ యేడు యుద్ధం యాడిది?" అన్నారు. "మల్లయ్య ఒక్కడే పోయి చేసొచ్చినాడా?"

యాదగిరి సహా ముగ్గురం నవ్వాం. నవ్వుతుండగానే నాకు పాత డెస్కు గోడ గుర్తొచ్చింది. భూతగాదాల వార్తల్లో పహాణీల, అంటే భూమి రికార్డుల, సంవత్సరాలు ఫస్లీ లెక్కలో వచ్చేవి. నిజాం సర్కారు లెక్క అది. కొత్తవాళ్లు తడబడకుండా 'ఐదు వందల తొంభై కలుపు' అని గోడకు కాగితం అంటించి ఉండేది.

"సార్, ఇది ఫస్లీ అయితే?"

కలిపాం. నలభై ఒకటి వచ్చింది. యుద్ధం నడిమధ్యలో, ఆ ఏడాది డిసెంబరు. ప్రొఫెసర్ గారు గది రెండుసార్లు చుట్టారు. ఉర్దూ అంకె కనబడగానే హిజ్రీ అనుకోవడం మన ఊళ్లో ఈ పని చేసేవాళ్లందరూ ఒక్కసారైనా చేసే తప్పు. ఆయన తన తప్పును తర్వాత వచ్చిన ప్రతి అతిథికీ చెప్పుకుని మురిసిపోయేవారు.

ఇక పూర్తి జాబితా తీశాం. ఆ నంబరుకు అందులో మూడు వరుసలు ఉన్నాయి. మొదటిది అహ్మద్‌నగర్, యుద్ధం మొదట్లో. చివరిది ఈజిప్టు, నలభై రెండు మధ్య నుంచి. నలభై ఒకటి డిసెంబరు నడిమి వరుసలో పడింది. ఫోన్లలో జాబితాలు పంపిన ఇద్దరూ ఒకరు పైవరుస, ఒకరు కిందివరుస పంపారు. నడుమ ఉన్నది ఎవరూ చూడలేదు.

ఈసారి మేం వెంటనే దోసెలకు వెళ్లలేదు. కవరును మళ్లీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లాం. ముద్ర అంచులు, చిరుగులు, సెన్సారు సంతకం, అన్నీ ఇంకోసారి చూశాం. తేడా లేదు. అప్పుడు వెళ్లాం.

బస్రా

ఫలితం చెప్పే రోజు ముగ్గురూ వచ్చారు. ఈసారి లచ్చమ్మ ఆటోలో, మగవాళ్లు స్కూటరు మీద. ఆమె స్టీలు డబ్బాలో సకినాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లంచమా అన్నాను. "గిది లంచమైతే గీ దేశంల అందరు లంచగొండ్లే," అంది.

మొదట కొమురయ్య వాదన తీసుకున్నాను. దేశంలోపల శిబిరంలో ఉన్న సైనికుడు మామూలు జనంలాగే స్టాంపు అంటించాలి. యుద్ధరంగంలో ఉన్నవాడికి అక్కర్లేదు. ఈ కవరు మీద స్టాంపు లేదు.

"ఉండె. ఊసిపోయింది," అన్నాడు కొమురయ్య. "జిగురు మరక చూడుండ్రి."

భూతద్దం ఆయన చేతికే ఇచ్చాను. "టపా ముద్ర చూడండి. ఎట్లా ఉంది?"

"గుండ్రంగున్నది."

"మొత్తం గుండ్రంగా ఉందా, సగమా?"

ఆయన చాలాసేపు చూశాడు. "మొత్తమే ఉన్నది."

"స్టాంపు ఉండి ఊడిపోతే, దాని మీద పడిన ముద్ర ముక్క దానితోనే పోవాలి కదా. ఇక్కడ వలయం ఎక్కడా తెగలేదు. ఆ జిగురు ఎవరో తర్వాత పుస్తకంలో అంటించినప్పటిది. మీ మామ సముద్రం దాటారు."

సత్తయ్య లేచి నిలబడ్డాడు. బావ భుజం మీద చెయ్యి వేసి, "ఏం బావా? సికింద్రబాద్ దాటిండా? ట్యాంక్‌బండ్ దాటిండా?" అన్నాడు. కొమురయ్య భూతద్దాన్ని బల్ల మీద మెల్లగా పెట్టాడు. లచ్చమ్మ ఇద్దరి ముఖాలూ చూసి నా వైపు తిరిగింది. ఆమె పాలు పొయ్యి మీంచి దిగిపోతున్నాయి.

"కూర్చోండి సత్తయ్య గారూ. ఇంకా ఉంది. ఈ కవరు వచ్చింది ఈజిప్టు నుంచి కాదు. ఇరాక్‌లో బస్రా నుంచి."

ఆయన కూర్చున్నాడు. "పలక చెక్కించిన మేడమ్," అన్నాడు.

"మీ నాన్నగారు తానే మిసర్ అన్నారా?"

"నాయిన లడాయి ముచ్చట ఎత్తకపోతుండె. ఇసుక, ఒంటెలు అన్నడట ఒక్కసారి. అయితే మిసరేనని మా ఊరి పంతులు చెప్పిండు."

ఊరు ఎవరు చెప్పారు? పంతులు వేశాడు. మా న్యూస్ ఎడిటర్ ఉంటే అక్కడే ఆ మాట కొట్టేసేవాడు. మల్లయ్య తర్వాత ఎప్పుడైనా ఈజిప్టు వెళ్లి ఉండొచ్చు. ఆ దళం వెళ్లింది. కానీ ఈ కవరు ఆ మాట చెప్పదు, కాబట్టి మేం రాయం. అదీ చెప్పాను.

ఇద్దరూ ఓడిపోయారు. వాళ్లను అట్లా పంపలేక, మా పెట్టెలోంచి ఒక కార్డు తీశాను. అదే నంబరు, అదే చలికాలం, ఎవరో తెలుగు సైనికుడు భార్యకు రాసింది. ఊరి పేరు ఉన్న చోట సెన్సారు వాళ్లు కొట్టేసిన నల్లటి గీత ఉంది. దాని కింద వాక్యం వదిలేశారు. చదివి వినిపించాను: "ఇక్కడ పొద్దున ఖర్జూరము, రాత్రి ఖర్జూరము. ఇంటికి వచ్చిన తరువాత ఆ పండు ముఖము చూడను." బస్రా అంటేనే ఖర్జూరం; ఆ పండులో ఊరు దాక్కుంటుందని ఆ అధికారికి తోచలేదు.

సకినాల డబ్బా మూత తీస్తున్న లచ్చమ్మ చెయ్యి ఆగింది.

"ఖర్జూరమా?" అంది. మొగుడి వైపు తిరిగింది. "ఓ అయ్యా. ఇంటున్నవా?"

కొమురయ్య వింటున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ వింటున్నాడు.

చెప్పింది లచ్చమ్మే. పెళ్లయిన కొత్తలో కొమురయ్య కాచిగూడలో పార్సిల్ ఆఫీసులో ఉండేవాడు. రంజాన్‌కు అక్కడి దోస్తు ఒకాయన మేలురకం ఖర్జూరం ఇచ్చాడు. కొత్త అల్లుడు ఒక్కటి కూడా నోట్లో వేసుకోకుండా, బస్సులో ఒళ్లో పెట్టుకుని అత్తగారింటికి తెచ్చాడు. పళ్లెంలో పోసి మామ ముందు పెట్టారు. మల్లయ్య ఒక్క మాట మాట్లాడకుండా, చేతి వెనకవైపుతో ఆ పళ్లెం పక్కకు జరిపాడు. ఇంటినిండా చుట్టాలు. ఎందుకని ఎవరూ అడగలేదు. అల్లుడు గరీబోడని జరిపాడని కొమురయ్య అనుకున్నాడు. ఆ నెల నుంచే, మామ సికింద్రాబాద్ దాటలేదని అనడం మొదలుపెట్టాడు.

"గందుకా," అన్నాడు సత్తయ్య. "గిన్నేండ్లు మా నాయిన మీద గందుకు పడ్డవా బావా?"

కొమురయ్య కార్డు అడిగి తీసుకున్నాడు. చదవలేదు, నల్లటి గీతను వేలితో తడిమాడు.

"నాకేం ఎర్క బామ్మర్ది. నేనొక్కన్నే ఆయనకు ఇష్టం లేనేమో అనుకున్న."

మేం రాసిచ్చిన కాగితంలో ఖర్జూరం లేదు. నంబరు, తేదీ, బస్రా, స్టాంపు లేకపోవడానికి కారణం, అంతవరకే. పళ్లెం సంగతి కవరు చెప్పలేదు, వాళ్లు చెప్పుకున్నారు. ఈ రెంటి మధ్య గీత చెరపకండి. మీరు చెప్పగలిగింది కొంచెమే. దాన్ని సరిగ్గా చెబితే మిగతాది ఇంటివాళ్లకే గుర్తొస్తుంది.

గృహప్రవేశానికి మమ్మల్నీ పిలిచారు. ప్రొఫెసర్ గారు, నేను, యాదగిరి తార్నాక నుంచి ఒక ఆటోలో లాలాపేట్ వెళ్లాం. గేటు దగ్గర సత్తయ్య ఎదురొచ్చి ముందు పలకే చూపించాడు. కొత్తది కొనలేదు. పాతదాన్నే తిప్పి వెనకవైపు చెక్కించాడు: 'బస్రా'. మిసర్ గోడ లోపలికి ఉంది. "పోయిండో లేదో తెల్వది గద మేడమ్. లోపట్నే ఉండనీ," అన్నాడు. ఇంత జాగ్రత్తగల వాక్యం నేను కూడా ఎప్పుడూ రాయలేదు.

పాలు పొంగాయి. లచ్చమ్మ గిన్నె నిండా పోసినట్టుంది, పొయ్యి, గట్టు, ఆమె చీర అంచు, అన్నీ తడిశాయి. ఆమె తుడవనివ్వలేదు. కొమురయ్య కాచిగూడ నుంచి తెచ్చిన పెద్ద డబ్బా ఖర్జూరం విప్పి, వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ పిడికెళ్లతో పోశాడు.

లోపల దండ వేసిన మల్లయ్య ఫోటో ఉంది. సత్తయ్య కోడలు ఒక పళ్లెంలో కాసిన్ని ఖర్జూరాలు తెచ్చి దాని ముందు పెట్టింది. కొమురయ్య గది అవతలి నుంచి అది చూశాడు. వచ్చి, చేతి వెనకవైపుతో ఆ పళ్లెం పక్కకు జరిపాడు.

"మామకు పెట్టకు బిడ్డా," అన్నాడు. "ఆయనకు మొకం మొత్తింది."